ఐరోపాను గూర్చిన విశ్వవిద్యాలయ విద్య - పల్లె విద్యార్థులు

కడప జిల్లాలోని ఎర్రగుంట్ల పేరు చెప్పగానే నాపరాయి, సున్నపురాయి, సిమెంటు జ్ఞప్తికి వచ్చును. ముంబయి - చెన్నై రైలుమార్గమునుండి నంద్యాల వైపు దారి చీలు జంక్షను ఇది. వాన తక్కువ, ఎండ ఎక్కువ అయిన ఈ నేలలో సేద్యమునే నమ్ముకొని బ్రతుకుట కష్టమని ఎరిగిన తలిదండ్రులు తమ బిడ్డలను చదివించుటకు అప్పు చేయుటకైనను వెనుదీయుట లేదు. ఇంటర్మీడియెట్ ముగిసిన పిమ్మట ఇంజనీరింగు, కాకున్న నర్సింగు, అదియు కాకున్న సమీపమున నున్న డిగ్రీ కళాశాల: ఇవియే సాధారణముగ మనకు తెలిసిన దారులు.

ఇట్టి యింట ఒక బాలుడో బాలికయో "నేను జర్మను భాష చదివెదను" అనియో, "ఐరోపా దేశముల చరిత్రను, రాజకీయములను చదివెదను" అనియో కోరినచో తండ్రి తికమకపడును. "ఆ చదువు కూడు పెట్టునా?" అని అడుగును. ఆ ప్రశ్న తప్పు కాదు. ఎకరము నేల తాకట్టు పెట్టి చదివించువాడు అడుగవలసిన ప్రశ్నయే అది. ఊరిలో నలుగురిలో తిరిగినవాడని పంచాయితీ సభ్యుని యొద్దకు వచ్చి ఆయన సలహా కోరును. తెలియక "అదేమి చదువు, వలదు" అని చెప్పినచో తెలివిగల బిడ్డకు ఒక మార్గము మూసినవారమగుదుము. తెలియకయే "పంపుము" అని చెప్పినచో ఒక కుటుంబమును అప్పులలో దింపినవారమగుదుము. కావున ఈ విద్య యెట్టిది, ఎక్కడ లభించును, ఎంత వ్యయమగును, దానివలన ఏమి ప్రయోజనము అను విషయములను సభ్యులు ఎరిగియుండుట అవసరము.

మన సీమకు ఐరోపాతో గల పాత సంబంధము

ఐరోపా మనకు దూరదేశమని తలంచుట సహజము. కాని మన జిల్లా చరిత్రను చూచినచో ఆ దూరము అంత కనిపించదు. ఎర్రగుంట్లకు సమీపముననే జమ్మలమడుగు ప్రక్కన పెన్నానది లోయపై గండికోట యున్నది. 1652 సంవత్సరములో తవెర్నియే అను ఫ్రెంచి రత్నవర్తకుడు అచ్చటికి వచ్చి గోలకొండ సేనాని మీర్ జుమ్లాను కలిసికొనెను. తాను చూచినదంతయు వ్రాసికొని స్వదేశమునకు పోయి 1676లో పారిస్ నగరములో గ్రంథముగ ప్రకటించెను. ఆనాటి మన కోటను గూర్చి, వజ్రముల వ్యాపారమును గూర్చి తెలిసికొనగోరువారు నేటికిని ఆ ఫ్రెంచి గ్రంథమును చూడవలసియున్నది. మన ఊరి చరిత్రలో కొంత భాగము మనకు రాని భాషలో నున్నదన్న మాట.

రెండవ ఉదాహరణము ఇంతకన్న ముఖ్యమైనది. కడప, కర్నూలు, అనంతపురము, బళ్లారి ప్రాంతములు ఇంగ్లీషు కంపెనీవారి పాలనలోనికి ఎట్లు వచ్చెను? ఆ కాలమున ఇంగ్లీషువారికిని ఫ్రెంచివారికిని ఐరోపాలో ఘోరమైన యుద్ధము జరుగుచుండెను. హైదరాబాదు నిజాము కొలువులో ఫ్రెంచి అధికారుల క్రింద శిక్షణ పొందిన పటాలములు ఉండెను. ఇంగ్లీషువారు 1798లో నిజాముతో సంధి చేసికొని ఆ పటాలములను రద్దు చేయించి, వానికి బదులు తమ సైన్యమును నిలిపిరి. ఆ సైన్యపు ఖర్చు నిమిత్తము 1800లో నిజాము కడప, బళ్లారి మొదలగు సీమలను కంపెనీకి ఇచ్చివేసెను. అందువలననే వీనికి దత్తమండలములు అను పేరు వచ్చెను. తరువాత థామస్ మన్రో కలెక్టరుగా వచ్చి ఏడేండ్లు పనిచేసి రైతువారీ శిస్తు పద్ధతిని ఈ ప్రాంతమున పాదుకొల్పెను. ఎక్కడో ఐరోపాలో రెండు రాజ్యములకు పుట్టిన వైరము మన రైతు ఎవరికి శిస్తు కట్టవలెనో నిర్ణయించినది. ఆ సంగతి ఆనాటి మన రైతుకు తెలియదు. తెలిసికొను సాధనమును లేదు.

మూడవది సి. పి. బ్రౌను కథ. కంపెనీ ఉద్యోగిగా 1820లో కడపకు వచ్చిన ఆ యువకుడు తెలుగును శ్రద్ధతో నేర్చెను. వేమన పద్యములను సేకరించి, ఇంగ్లీషు అనువాదముతో 1829లో ప్రకటించెను. కడపలో బంగళా కొని, పండితులకు తన చేతిసొమ్ముతో జీతములిచ్చి, తాళపత్ర గ్రంథములకు శుద్ధప్రతులు వ్రాయించెను. నిఘంటువులను కూర్చెను. ఉద్యోగము విరమించి లండనుకు పోయిన పిమ్మట అచ్చటి విశ్వవిద్యాలయములో తెలుగు ఆచార్యుడుగ కూడ పనిచేసెను. కడపలో ఆయన నివసించిన చోట నేడు ఆయన పేర భాషా పరిశోధన కేంద్రము నెలకొనియున్నది.

ఐరోపావారు మన భాషను, మన ఆచారములను, మన పాలనను శ్రద్ధతో చదివిరి. పాలించుటకు చదివినవారు కొందరు, ప్రేమతో చదివినవారు కొందరు. ఏ కారణమున చదివినను, తెలిసినవానికి బలము చేకూరినది. మనవారు వారిని గూర్చి అంతటి శ్రద్ధతో చదువుట మాత్రము చాలకాలము జరుగలేదు. ఇంగ్లీషు ఒక్కటి వచ్చినచో ఐరోపా యంతయు వచ్చినట్లే యని తలంచితిమి.

నేటికిని సంబంధము తెగలేదు

ఎర్రగుంట్లలోని జువారి సిమెంటు కర్మాగారము 2001 నుండి ఇటలీలోని బెర్గామో నగరమునకు చెందిన ఇటాల్‌సిమెంటి సంస్థ భాగస్వామ్యము క్రిందను, 2006 నుండి పూర్తిగ ఆ సంస్థ యాజమాన్యము క్రిందను నడిచినది. 2016లో ఇటాల్‌సిమెంటినే జర్మనీలోని హైడెల్‌బర్గ్ సిమెంటు సంస్థ కొనివేసినది. ఆ విధముగ మన ఊరి సున్నపురాతిని గూర్చిన నిర్ణయములు ఒకప్పుడు ఇటలీలోను, పిదప జర్మనీలోను జరిగినవి.

వేరుశనగ పండించు రైతుకును ఇట్టి సంబంధమే కలదు. గింజకు బూజు పట్టినచో అఫ్లటాక్సిన్ అను విషము పుట్టును. నేరుగ తినుటకు వాడు వేరుశనగలో ఈ విషము మొత్తము కిలోకు 4 మైక్రోగ్రాములకు మించరాదని ఐరోపా సమాఖ్య నియమము. మైక్రోగ్రామనగా గ్రాములో పది లక్షలవ వంతు. ఓడలో పంపిన సరకు ఈ పరీక్షలో నెగ్గనిచో త్రిప్పివేయుదురు. ధర పడిపోవుటకు కారణము మాత్రము మన కళ్లములోని రైతుకు తెలియదు.

అట్లే సిమెంటు, ఇనుము, అల్యూమినియము, ఎరువులు మొదలగు సరకులు తయారగునపుడు వెలువడు బొగ్గుపులుసు వాయువును లెక్కగట్టి, తమ దేశములలోనికి వచ్చు అట్టి సరకుపై రుసుము విధించు పద్ధతిని ఐరోపా సమాఖ్య 2023 అక్టోబరులో ఆరంభించినది. మొదటి దశలో లెక్కలు మాత్రమే చూపవలెను. 2026 జనవరి నుండి రుసుము చెల్లించు దశ మొదలైనది. ఇది ఐరోపాకు ఎగుమతియగు సరకునకే వర్తించును. అయినను ఇట్టి నియమములను మూలములో చదివి, వాని అర్థమును మన రైతులకు, వర్తకులకు, అధికారులకు తెలుపగలవారు మనలో ఉండవలెనా, వలదా? ఈ చదువు యొక్క మొదటి ప్రయోజనము ఇదియే.

ఈ విద్యలో ఏమి నేర్పుదురు

ఈ విద్యకు మూడు అంగములు కలవు: భాష, రాజకీయము, సంస్కృతి.

మొదటిది భాష. ఫ్రెంచి, జర్మను, స్పానిష్, ఇటాలియన్, రష్యను మొదలగు వానిలో ఒకదానిని విద్యార్థి ఎన్నుకొనును. మాటలాడుట, చదువుట, వ్రాయుట, అనువదించుట క్రమముగ నేర్చును. భాషాజ్ఞానమును కొలుచుటకు ఐరోపాలో ఎ1, ఎ2, బి1, బి2, సి1, సి2 అను ఆరు మెట్లను ఏర్పరచినారు. ఎ1 అనగా బజారులో నాలుగు మాటలు చెప్పగలుగుట. ఆ భాషలో విశ్వవిద్యాలయ పాఠములు వినుటకు సాధారణముగ బి2 లేక సి1 మెట్టు కావలెను. ఇందులకు వందల గంటల అభ్యాసము అవసరము. మూడు నెలలలో నేర్పెదమను ప్రకటనలను నమ్మరాదు.

రెండవది రాజకీయము. పంచాయితీ సభ్యులకు ఇది మిక్కిలి ఆసక్తి గొలుపు భాగము. ఐరోపాలో 27 దేశములు కలిసి ఒక సమాఖ్యగ ఏర్పడినవి. బ్రిటను 2020 జనవరి 31న దానినుండి వైదొలగినది. ఈ సమాఖ్యకు ప్రజలు నేరుగ ఎన్నుకొను పార్లమెంటు కలదు. 1979 నుండి అయిదేండ్లకొకసారి ఎన్నికలు జరుగుచున్నవి. 2024 ఎన్నికలలో 720 మంది సభ్యులు ఎన్నికైరి. చట్టముల ముసాయిదాను ప్రతిపాదించుటకు ఒక కమిషను, ఆయా దేశముల మంత్రులు కూడి నిర్ణయించుటకు ఒక మండలి వేరుగ ఉన్నవి.

ఇన్ని దేశములు కలిసినప్పుడు ఏ పని ఎవరు చేయవలెనను తగవు పుట్టక మానదు. దానికి వారు ఒక సూత్రమును పెట్టుకొనిరి. క్రింది సంస్థ చక్కగ చేయగల పనిని పై సంస్థ తన చేతిలోనికి తీసికొనరాదు. క్రింది సంస్థ వలన కానిదానినే పై సంస్థ చేపట్టవలెను. 1993 నవంబరులో అమలులోనికి వచ్చిన మాస్ట్రిక్ట్ ఒడంబడికలో ఈ సూత్రము చేరినది. అదే సంవత్సరము ఏప్రిలు 24న మన దేశములో 73వ రాజ్యాంగ సవరణ అమలులోనికి వచ్చి, పంచాయితీలకు రాజ్యాంగ ప్రతిపత్తిని కలిగించి, వానికి అప్పగింపదగిన 29 అంశములను పదునొకండవ షెడ్యూలులో చేర్చినది. ఊరి త్రాగునీరు ఊరివారు చూచుకొనవలెనా, పైవారు చూడవలెనా అని మన పంచాయితీ సమావేశములో వచ్చు ప్రశ్నయే అచ్చట దేశములనడుమ వచ్చుచున్నది.

ఫ్రాన్సు దేశములో సుమారు 35 వేల కమ్యూనులు, అనగా ఊరి పాలక సంస్థలు, ఉన్నవి. మన గ్రామపంచాయితీకంటె చిన్నవి వానిలో అనేకము. ఊరివారు సభ్యులను ఎన్నుకొందురు, సభ్యులు తమలో ఒకరిని మేయరుగ ఎన్నుకొందురు. అంత చిన్న ఊళ్లకు ఆదాయము చాలక, పొరుగు ఊళ్లతో కలిసి చెత్త ఎత్తుట, నీరు సరఫరా చేయుట వంటి పనులను జరుపుకొనుచున్నారు. ఆదాయము తక్కువైన మన మెట్టప్రాంత పంచాయితీలు ఇట్టి ఏర్పాటులనుండి నేర్చుకొనదగినది కలదు. కాని దానిని చదివి తెలుగులో చెప్పువారుండవలెను.

మూడవది సంస్కృతి. అనగా చరిత్ర, సాహిత్యము, మతములు, కళలు, జనుల నడవడి. ఐరోపా అంతయు ఒక్క తీరు కాదు. సమాఖ్యలో 24 అధికార భాషలు ఉన్నవి. చట్టము ఈ అన్ని భాషలలోను సమాన ప్రామాణ్యముతో వెలువడును. కొద్ది లక్షల మంది మాత్రమే మాటలాడు మాల్టా దేశపు భాషకును అక్కడ తావు కలదు. 1966 అధికారభాషా చట్టము పిమ్మట ప్రభుత్వ ఉత్తరువులు తెలుగులో రావలెనని ఆశించుచున్న మనకు ఇది గమనింపదగిన విషయము. రెండు మహాయుద్ధములలో ఒకరినొకరు చంపుకొన్న జర్మనులు, ఫ్రెంచివారు బొగ్గును, ఉక్కును ఉమ్మడిగ నిర్వహించుకొనుటతో మొదలిడి, 1951 ఒడంబడిక మొదలు నేటివరకు ఎట్లు కలిసి నడిచిరో ఈ చదువులో తెలియును. కక్షలవలన నలిగిన పల్లెలనెరిగిన మన సీమవారికి ఆ కథలో పనికివచ్చునది చాల కలదు.

ఎక్కడ చదువవచ్చును

ఈ చదువు నిమిత్తము వెంటనే విమానమెక్కనక్కరలేదు. హైదరాబాదులో ఆంగ్ల, విదేశీ భాషల విశ్వవిద్యాలయము కలదు. ఇది 1958లో కేంద్ర ఆంగ్ల సంస్థగ మొదలై, 1972లో ఇతర విదేశీ భాషలను చేర్చుకొని, 2007లో కేంద్ర విశ్వవిద్యాలయమైనది. ఫ్రెంచి, జర్మను, రష్యను, స్పానిష్ మొదలగు భాషలలో బి.ఏ. మొదలుకొని పరిశోధన వరకు చదువవచ్చును. ఢిల్లీలో 1969లో నెలకొన్న జవహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయములో విదేశీ భాషలలో బి.ఏ. ఆనర్సు కలదు. అచ్చటనే ఐరోపా రాజకీయములను గూర్చి పరిశోధించు కేంద్రమును కలదు. పుదుచ్చేరి కేంద్ర విశ్వవిద్యాలయములో ఫ్రెంచి శాఖ ప్రసిద్ధమైనది. ఫ్రెంచివారు 1954 వరకు పాలించిన ఆ సీమలో మన తెలుగు యానాము కూడ ఒక భాగమే.

ఆ భాష ముందుగ ఒక్క ముక్కయు రానివారిని కూడ బి.ఏ.లో చేర్చుకొని అక్షరములనుండి నేర్పు ఏర్పాటు ఉండుట పల్లె విద్యార్థులకు గొప్ప సౌకర్యము. పట్టణపు బిడ్డయు పల్లె బిడ్డయు ఒకే గీత యొద్దనుండి పరుగు మొదలిడుదురు. అయితే పాఠములు అర్థమగుటకు ఇంగ్లీషు తగినంత రావలెను. తెలుగు మాధ్యమములో చదివినవారు ఇంటర్మీడియెట్ కాలముననే ఇంగ్లీషుపై శ్రద్ధ చూపవలెను. కేంద్ర విశ్వవిద్యాలయములలో డిగ్రీ ప్రవేశమునకు 2022 నుండి ఉమ్మడి ప్రవేశపరీక్ష జరుగుచున్నది. దరఖాస్తు గడువు ఇంటర్ ఫలితములకు ముందే ముగియుట కద్దు గనుక జాగ్రత్త వహింపవలెను. కేంద్ర విశ్వవిద్యాలయములలో రుసుములు ప్రైవేటు ఇంజనీరింగు కళాశాలలకన్న చాల తక్కువ. రిజర్వేషనులు వర్తించును.

ఐరోపాకు పోదలచినవారికి

డిగ్రీ పిమ్మట ఐరోపాలోనే పై చదువు చదువదలచినవారికి కొన్ని మార్గములు ఉన్నవి. "యూరోకల్చర్" అను స్నాతకోత్తర చదువు ఐరోపా సమాజమును, రాజకీయమును, సంస్కృతిని కలిపి బోధించునది. గ్రోనింగెన్, గోటింగెన్, ఉప్సాలా మొదలగు నగరముల విశ్వవిద్యాలయములు కలిసి నడుపుచున్నవి. విద్యార్థి ఒకటికి మించిన దేశములలో చదువును. ఇట్టి ఉమ్మడి చదువులకు ఐరోపా సమాఖ్య "ఎరాస్మస్ ముండస్" అను విద్యార్థివేతనమును 2004 నుండి ఇచ్చుచున్నది. 2021లో మొదలైన పథకము ప్రకారము అది లభించినవారికి రుసుము ఉండదు, నెలకు 1400 యూరోలు లభించును. పోటీ మాత్రము తీవ్రము.

షెడ్యూల్డు కులములవారికి, సంచారజాతులవారికి, భూమిలేని వ్యవసాయకూలీల బిడ్డలకు, సాంప్రదాయిక చేతిపనులవారి బిడ్డలకు కేంద్రప్రభుత్వపు జాతీయ విదేశ విద్యార్థివేతన పథకము కలదు. కుటుంబ వార్షికాదాయము 8 లక్షల రూపాయలకు మించరాదని నియమము. నిబంధనలు ఏటేట మారును గనుక ఆ యేటి ప్రకటనను చూచుకొనవలెను.

"జర్మనీలో చదువు ఉచితము" అను మాట ఊళ్లలో వినబడుచున్నది. ఇందు నిజమెంత? ప్రభుత్వ విశ్వవిద్యాలయములు చాలవరకు బోధనా రుసుము వసూలు చేయవు. కాని హైడెల్‌బర్గ్ నగరమున్న బాడెన్ - వుర్టెంబర్గ్ రాష్ట్రము 2017 నుండి ఐరోపా వెలుపలి విద్యార్థుల యొద్ద అర్ధసంవత్సరమునకు 1500 యూరోలు వసూలు చేయుచున్నది. రుసుము లేనిచోటను భోజనము, బస ఉచితము కావు. విద్యార్థి ఒక యేటి ఖర్చునకు సరిపడు సొమ్మును ముందుగనే ప్రత్యేక ఖాతాలో జమచేసి చూపవలెను. 2024 సెప్టెంబరులో ఈ మొత్తమును 11,904 యూరోలుగ నిర్ణయించిరి. ఇది మన లెక్కలో పది లక్షల రూపాయలకు పైబడిన మాట. 2022 నవంబరు నుండి మన విద్యార్థులు తమ ధ్రువపత్రములను సరిచూపించుకొని ప్రత్యేక పత్రము కూడ పొందవలసియున్నది.

దళారుల విషయమున హెచ్చరిక అవసరము. గల్ఫు దేశములకు పంపెదమని డబ్బు గుంజి మోసగించిన వారిని మన జిల్లావారు ఎరుగుదురు. చదువు పేర అదే పని చేయువారును ఉందురు. విశ్వవిద్యాలయమునకు విద్యార్థి తానే నేరుగ దరఖాస్తు పెట్టుకొనవచ్చును. "సీటు ఇప్పించెదము, వీసా మాది పూచీ" అనువానికి పొలము కుదువబెట్టి సొమ్మిచ్చుట కూడదు. వీసా ఇచ్చునది ఆ దేశపు ప్రభుత్వమే గాని మరియొకరు కారు.

ఆ చదువు కూడు పెట్టునా?

తండ్రి అడిగిన ప్రశ్నకు ఇపుడు సమాధానము చెప్పవలసియున్నది. పెట్టును, కాని దానంతటదియే పెట్టదు. విదేశీ భాష బాగుగ వచ్చినవారికి అధ్యాపకత్వము, అనువాదము, పర్యాటకము, పత్రికారంగము, హైదరాబాదు, బెంగుళూరులలో ఐరోపా ఖాతాదారులతో వ్యవహరించు సంస్థలు మొదలగుచోట్ల పని దొరకుట కలదు. విదేశాంగ సేవలో చేరినవారు ఎట్లును ఒక విదేశీ భాష నేర్చి తీరవలెను. యంత్రములే సాధారణమైన అనువాదము చేయుచున్న ఈ రోజులలో అరకొరగ భాష నేర్చినవానికి గిరాకి తగ్గినది. భాషతోపాటు వాణిజ్యమో, న్యాయశాస్త్రమో, వ్యవసాయ వ్యాపారమో తెలిసినవానికి గిరాకి నిలిచియున్నది. ప్రభుత్వోద్యోగము నిశ్చయముగ వచ్చునని ఎవరును హామీ ఇవ్వజాలరు. ఇంటికి వెంటనే ఆదాయము కావలసిన కుటుంబము ఈ సంగతిని ముందే ఆలోచించుకొనవలెను.

ఉద్యోగమునకు మించిన ప్రయోజనమును కలదు. వరంగల్లు సీమ పల్లెలో 1921లో పుట్టిన పి. వి. నరసింహారావు అనేక భారతీయ భాషలతోపాటు స్పానిష్ భాషను నేర్చిరి. విదేశాంగ మంత్రిగ, ప్రధానమంత్రిగ పనిచేసిరి. ఉప్పల లక్ష్మణరావు మాస్కోలో నుండి రష్యను గ్రంథములను తెలుగు చేసిరి. చవుక ధరకు దొరకిన ఆ పుస్తకములు చదివి పెరిగినవారు మన పల్లెలలో ఎందరో కలరు. ఎర్రగుంట్లకు పొరుగున నున్న ప్రొద్దుటూరులో ఉపాధ్యాయుడుగ పనిచేసిన పుట్టపర్తి నారాయణాచార్యులు బహుభాషావేత్తగ పేరొందిరి. వీరెవరును తెలుగును విడువలేదు. మాతృభాష గట్టిగ వచ్చినవానికే పరభాష ఫలించును. ఐరోపా గ్రంథములు నేటికిని అధికభాగము ఇంగ్లీషు ద్వారముననే తెలుగులోనికి వచ్చుచున్నవి. నేరుగ తేగలవారు కొద్దిమంది. ఆ కొరత తీర్చువారు పల్లెలనుండి ఏల రాకూడదు?

పంచాయితీలు చేయదగిన పనులు

ఇంటిపన్నుతోపాటు పంచాయితీలు గ్రంథాలయ పన్నును వసూలు చేసి జిల్లా గ్రంథాలయ సంస్థకు చెల్లించుచున్నవి. ఆ సొమ్ము మన ఊరిదే. కావున శాఖా గ్రంథాలయమునకు ప్రపంచ చరిత్ర, భూగోళము, నిఘంటువులు తెప్పింపుమని తీర్మానము చేసి పంపవచ్చును. ప్రవేశపరీక్షల, విద్యార్థివేతనముల ప్రకటనలను పంచాయితీ నోటీసు బోర్డుపై గడువు తేదీలతో పెట్టింపవచ్చును. ఆదాయ, కుల ధ్రువపత్రములు సకాలమున అందక సీటు పోగొట్టుకొనకుండ విద్యార్థితోపాటు సచివాలయమునకు వెళ్లి సహాయపడవచ్చును. హైదరాబాదునకో ఢిల్లీకో ఆడపిల్లను పంపుటకు జంకు తలిదండ్రులకు అక్కడి వసతిగృహపు సంగతులు తెలిపి ధైర్యము చెప్పవచ్చును. ఊరినుండి ముందుగ వెళ్లి చదివినవారు సెలవులలో వచ్చినపుడు పాఠశాలలో ఒక గంట మాటలాడింపవచ్చును. వీనిలో దేనికిని పెద్ద ఖర్చు లేదు.

రెండువందల యేండ్ల క్రిందట ఒక ఇంగ్లీషు యువకుడు కడపకు వచ్చి మన రైతుల నోటనున్న వేమన పద్యములను చదువదగినవిగ గుర్తించెను. నేడు కడప పల్లెలనుండి ఒక బిడ్డ వెళ్లి వారి చట్టమును, వారి చరిత్రను, వారి ఊరిపాలనను చదివి వచ్చి మనకు చెప్పదలచినచో, ఆ కోరికను నవ్వి త్రోసివేయరాదు. ఖర్చును, కష్టమును, ఫలమును లెక్కవేసి చూపి, నిర్ణయము ఆ కుటుంబమునకే విడుచుట పంచాయితీ సభ్యుని కర్తవ్యము.